పది నలభైకి పెట్టిన సంతకం

కాలేజీ, మేడ మీది గది
జూన్ 9

బావగారికి నమస్కారాలు.

ఇన్నేళ్ళూ మీకు ఉత్తరాలు రాసింది మీ చెల్లెలు. చివర నాలుగు వేళ్ళ జాగా మిగిలితే నాకిచ్చేది. ఆ జాగా కూడా తనే నింపేసి, కింద నా చేత సంతకం మాత్రం పెట్టించిన సందర్భాలు చాలా ఉన్నాయి. అందుకని ఉత్తరం ఎలా మొదలుపెడతారో నాకు సరిగా తెలియదు. ఫోను చేద్దామంటే నలభై ఏళ్ళ ఇంజను మోత మీ చెవుల్ని తినేసింది. రాయక తప్పదు.

నేను బాగానే ఉన్నాను. వంట నేర్చుకుంటున్నాను. ఇప్పటికి మాడిన గిన్నెలు మూడు. ఇల్లు శుభ్రంగానే ఉంది, చెదరగొట్టే మనిషి లేదు కనుక.

రాయవలసిన సంగతి ఒకటుంది. మా ప్రిన్సిపాల్ రిటైరయ్యారు. కాలేజీ కమిటీ నన్ను ఇన్‌ఛార్జిగా కూర్చోబెట్టింది. సెప్టెంబరులో ఖాయం చేస్తారట. ఉద్యోగంలో చేరిన ముప్ఫై ఒకటో ఏట ఇది. నేను చేరిన రోజున ఎలక్ట్రికల్ మెషీన్ల ల్యాబ్‌లో ఉన్నవి రెండు మోటార్లు, ఒక కాలు విరిగిన స్టూలు. ఆ రెండింటిలో ఒక మోటారు తిరిగేది కాదు. ఇప్పుడు పద్నాలుగు బెంచీలున్నాయి, అన్నీ తిరుగుతాయి. ఈ కుర్చీలో నన్ను చూడాలని మీ చెల్లెలు కోరుకుంది. నాకు అక్కర్లేదని నేనూ ఎప్పుడూ అనలేదు.

గది పెద్దది. కిటికీలోంచి వర్క్‌షాపు రేకుల కప్పు కనిపిస్తుంది. సంతకాల కాగితాలన్నీ పైకే తెప్పించుకుంటున్నాను. కిందికి దిగే తీరిక ఉండడం లేదు.

అక్కయ్యకు నమస్కారాలు చెప్పండి.

మీ బావ


ఇల్లు, వరండా
జూన్ 17

బావా,

నీ ఉత్తరం ముందు పక్క వీధి పళ్ళ డాక్టరు ఇంటికి వెళ్ళింది. కవరు మీద నీ రాత చూసి ఎవరో రాసిన మందుల చీటీ అనుకుని ఆయన రెండు రోజులు సొరుగులో దాచాడట. ఆఖరికి పోస్టుమాన్ తెచ్చిస్తూ, "ఏమండీ, మీకు రాసే అమ్మగారు మారారా?" అన్నాడు. వినబడనట్టు ఊరుకున్నాను. వినబడింది.

ప్రిన్సిపాలువయ్యావు. చాలా సంతోషం. మీ అక్కయ్యకి చదివి వినిపిస్తే, "ఇప్పుడైనా చొక్కా ఇస్త్రీ చేయించుకోమనండి, ఆ కుర్చీకి కాస్త మర్యాద ఉంటుంది" అంది. గిన్నెలు మాడడం గురించి కూడా ఏదో అంది. అది రాయను, నువ్వు నొచ్చుకుంటావు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడలేదు. కిందికి దిగే తీరిక లేదన్నావు. నువ్వా? పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో ఒక ప్లగ్గు పాడైతే నువ్వేం చేశావో గుర్తుందా? ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచేత్తో టెస్టరు పట్టుకుని, ముందు బాగున్న ప్లగ్గులో పెట్టి చూశావు. తర్వాత పాడైనదాంట్లో. మళ్ళీ వెనక్కొచ్చి బాగున్నదాంట్లో. మా నాన్న, "అల్లుడుగారూ, ఒక్క ప్లగ్గుకి ఇంత తతంగమా?" అన్నాడు. "మధ్యలో టెస్టరే చచ్చిపోయి ఉంటే? అది బతికే ఉందని తెలియాలి కదండీ, ముందూ వెనకా" అన్నావు నువ్వు. చెల్లి తలుపు వెనక నుంచి, "కాలేజీలో ఈయన్ని మూడుసార్ల సారు అంటారు నాన్నా" అని నవ్వింది.

అలాంటివాడివి మేడ మీద కూర్చుని కాగితాలు పైకి తెప్పించుకుంటున్నావంటే ఏదో ఉంది. చెబితే చెప్పు, లేకపోతే మానెయ్. ఉత్తరం మాత్రం రాయి. అడ్రసు పెద్ద అక్షరాలతో.

నీ బావ


కాలేజీ
జులై 3

బావగారికి,

ల్యాబ్‌లో ప్రమాదం జరిగింది. మా మెకానిక్‌కి షాకు కొట్టింది. అతను మీకు తెలుసు, పిల్లలందరూ ఫ్యూజు అని పిలుస్తారే, అతనే. మీరు వచ్చినప్పుడు రైలింజను గురించి ప్రశ్నలేసి మిమ్మల్ని భోజనం చెయ్యనివ్వలేదు.

బతికాడు. కుడి అరచెయ్యి కాలింది. స్టూలు మీంచి పడి భుజం విరిగింది.

జరిగింది ఇది. ల్యాబ్ మెయిన్ బోర్డుకి కరెంటు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి బయటి లైను, రెండోది మా జనరేటరు. మాడిపోయిన ఒక ముక్క మార్చడానికి అతను బయటి లైను స్విచ్చు తీశాడు. జనరేటరు స్విచ్చు తియ్యలేదు. ఆ ఉదయం జనరేటరు నడుస్తోంది. టెస్టరు పెట్టి చూశాడు, వెలగలేదు. కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టాడు. టెస్టరులో బల్బు ఎప్పుడో పోయింది.

కమిటీ కార్యదర్శి విచారణ నన్నే చెయ్యమన్నారు. "టెస్టరు అతని చేతిలోనే ఉంది, రెండో స్విచ్చు మర్చిపోయిందీ అతనే. మెకానిక్ అజాగ్రత్త అని ఒక్క పేజీ రాసిచ్చెయ్యండి సార్. సెప్టెంబరు దగ్గరికొస్తోంది, ఇలాంటివి సాగదీయకూడదు" అన్నారు. ఆ పేజీ ఇస్తే ఫ్యూజు ఉద్యోగం పోతుంది.

నాలుగు రోజులుగా ఆ పేజీ ముందు కూర్చున్నాను.

ఇంకేమీ విశేషాలు లేవు.

మీ బావ


ఇల్లు, వరండా
జులై 11

బావా,

ఆ పిల్లాడు బతికినందుకు మీ అక్కయ్య కళ్ళు తుడుచుకుంది. పిల్లాడంటున్నాను, వాడికీ నలభై దాటి ఉంటాయిలే. "ఇంజనుకి హారను లేకపోతే డ్రైవరు అరుస్తాడా అండీ?" అని అడిగినవాడేగా. వాణ్ణి మర్చిపోవడం కుదిరే పని కాదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో రెండు స్విచ్చులున్నాయి, జనరేటరుంది, టెస్టరుంది, స్టూలు కూడా ఉంది. నువ్వు లేవు. ఫోటో తీసినవాడు ఫోటోలో లేనట్టు.

అడుగుతున్నాను, కోప్పడకు. రెండు వైపుల బళ్ళకీ ఒకటే పట్టాలుండే మా సింగిల్ లైను మీద, చేతికి టోకెను రాకుండా డ్రైవరు బండి కదిలించడు. ముందు లైను ఖాళీగా ఉందని ఒక మనిషి బాధ్యత తీసుకుని ఇచ్చే వస్తువది. మీ దగ్గర కూడా ఆ బోర్డు విప్పే ముందు, కానియ్ అని ఎవరో ఒకరు అనాలి కదా? ఆ రోజు అన్నదెవరు?

నీ బావ

పళ్ళ డాక్టరు ఈసారి ఉత్తరం ఒక్క పూటే ఉంచుకున్నాడు. నీ అక్షరాలు అలవాటవుతున్నాయట.


ఇల్లు
జులై 20, ఆదివారం

బావగారికి,

అన్నది నేనే.

దానికొక ఫారం ఉంది. ఇరవై ఏళ్ళ క్రితం, ఎలక్ట్రికల్ శాఖకి హెడ్‌ అయిన ఏడాది, నేనే తయారుచేశాను. చివరి వాక్యం: 'సరఫరా లేదని స్వయంగా పరీక్షించాను.' దాని కింద సమయం, సంతకం. ఆ ఫారం టైపు చేసింది మీ చెల్లెలు. "పరీక్షించాను అంటే సరిపోతుంది కదా, మళ్ళీ 'స్వయంగా' ఎందుకు?" అంది. ఉండాలని పట్టుబట్టాను.

ఆ రోజు ఫ్యూజు ఫారం పైకి తెచ్చాడు. నేను కూర్చున్నచోటే సంతకం పెట్టాను. సమయం పది నలభై అని వేశాను. పది నలభైకి నేను కుర్చీలో ఉన్నాను. కిందికి దిగి ఉంటే నా టెస్టరు పట్టుకెళ్ళేవాణ్ణి. మూడుసార్లు చూసేవాణ్ణి. రెండోసారికే తెలిసిపోయేది.

ఫారం నా బల్ల సొరుగులోనే ఉంది. నేను దిగలేదని నాకూ అతనికీ తప్ప ఎవరికీ తెలియదు.

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను. అతని భార్య స్టూలు జరిపి బయటికి వెళ్ళిపోయింది. అతనే నన్ను ఓదార్చాడు.

"మీరేం మనసులో పెట్టుకోకండి సార్. మీరొచ్చి చూశారనే చెప్పాను నేను."

"నేను రాలేదు కదా" అన్నాను.

"రాలేదంటే మాత్రం ఎవరు నమ్ముతారు సార్? మూడుసార్ల సారు చూడకుండా సంతకం పెడతాడా? నేను చెప్పినా నన్నే పిచ్చోడంటారు."

నవ్వాడు. నవ్వితే భుజం నొప్పెట్టి ఆపేశాడు.

ఆ ఒక్క పేజీ ఇంకా ఇవ్వలేదు. కార్యదర్శి రోజూ మనిషిని పంపుతున్నారు. కొత్త బాధ్యతలు, పని ఎక్కువ, అందుకే దిగలేకపోయానని నాకు నేను చెప్పుకుంటున్నాను.

మీ బావ


ఇల్లు, వరండా
జులై 29

బావా,

మా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోని సంగతి ఒకటి నీకు రాస్తున్నాను. చెల్లి నీకు చెప్పి ఉంటుందనుకున్నాను. నీ ఉత్తరం చూశాక, చెప్పలేదని అర్థమైంది. నా పరువు అంత భద్రంగా దాచిందన్నమాట.

నేను డ్రైవరునై అప్పటికి మూడేళ్ళు. చెల్లి ఇంకా కాలేజీలో చదువుకుంటోంది. ఒకరోజు ఒక చిన్న స్టేషన్‌లో ఆగకుండా వెళ్ళాలి. ప్లాట్‌ఫారం మీద మనిషి తోలుసంచి పైకెత్తి పట్టుకుంటాడు, మనం పోతూ పోతూ అందుకోవాలి. లోపల ఇనుప గుండులా టోకెను ఉంటుంది. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా వెళ్ళొచ్చో దాని మీద చెక్కి ఉంటుంది. తీసి చదవాలి. అది నియమం. నేను సంచి అందుకున్నాను, చేతికొచ్చింది కదా అని పక్కన పెట్టాను. రెండు మైళ్ళు పోయాక మా అసిస్టెంటు తీసి చూసి తెల్లబోయాడు. అది మేము దాటి వచ్చిన లైను టోకెను. ప్లాట్‌ఫారం మొదట్లో మేము వదిలిన పాతదాన్నే స్టేషన్‌వాళ్ళు చివర్లో తిరిగి ఇచ్చేశారు. ముందు స్టేషన్‌లో ఎదురుబండి బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. బయలుదేరలేదు. అంతే తేడా. బండి వెనక్కి నడిపించుకొచ్చాం.

ఇంటికొచ్చి రిపోర్టు రాయాలి. నా రాత కూడా నీ రాతకి తమ్ముడే కాబట్టి, నేను చెబుతుంటే చెల్లి రాస్తోంది. 'స్టేషన్ సిబ్బంది తప్పు టోకెను ఇచ్చినందువల్ల' అని మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు రాసి కలం కింద పెట్టేసింది.

"అన్నయ్యా, రెండు మైళ్ళు ఆ సంచి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే."

"అయితే ఇది నేను రాయను. నువ్వే రాసుకో."

రెండు పూటలు మాట్లాడుకోలేదు. మూడో పూట నేనే రాశాను, కోడి కెలికినట్టు, కానీ ఉన్నదున్నట్టు. రెండేళ్ళు యార్డులో పెట్టెలు ముందుకీ వెనక్కీ తోశాను. ఆ తర్వాత మళ్ళీ లైను ఎక్కించారు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఒక్క సంచి కూడా తెరవకుండా పక్కన పెట్టలేదు.

నిన్ను ఇది చెయ్ అది చెయ్ అనను. నీకు ఆ కుర్చీ ఎంత కావాలో నాకు తెలుసు. అది నీ హక్కు కూడా. కానీ పని ఎక్కువై దిగలేదన్న మాట నేను నమ్మను. నీకు పని ఎక్కువ కాని రోజెప్పుడుంది?

నీ బావ


కాలేజీ
ఆగస్టు 24

బావగారికి,

మీ ఉత్తరం జేబులో పెట్టుకుని చాలా రోజులు తిరిగాను. ఆలస్యానికి క్షమించండి.

అసలు కారణం రాస్తున్నాను.

మేడ మీంచి ల్యాబ్‌కి ఒకటే దారి. మెట్లు దిగి, పొడుగాటి వసారా పట్టుకుని చివరిదాకా నడవాలి. ఆ వసారా మధ్యలో లైబ్రరీ. ఇరవై ఆరేళ్ళు మీ చెల్లెలు ఆ గుమ్మానికి ఎదురుగా కూర్చుంది. నేను ల్యాబ్‌కి పోతున్నప్పుడు తలెత్తేది కాదు. నా చెప్పుల చప్పుడు తెలుసు. చేతిలో పెన్ను రెండుసార్లు బల్ల మీద కొట్టేది. అంతే మా పలకరింపు. ఇప్పుడక్కడ కొత్తమ్మాయి కూర్చుంటోంది. మంచి పిల్లే. కానీ పోయిన నవంబరు నుంచి నేను ఆ వసారాలో నడవలేదు. క్లాసులు వేరే భవనంలోకి మార్చుకున్నాను. ల్యాబ్ పనులు వాయిదా వేశాను. ఇన్‌ఛార్జి పదవి వచ్చాక కాగితాలు పైకి తెప్పించుకోవడానికి అందరూ ఒప్పుకునే కారణం దొరికింది.

ఫ్యూజు చెయ్యి కాలింది అందువల్ల.

నివేదిక మూడు పేజీలైంది. ఫారం జతచేశాను. 'పది నలభైకి నేను నా గదిలో ఉన్నాను. పరీక్షించలేదు. పరీక్షించినట్టు సంతకం చేశాను' అని రాశాను. మెకానిక్ స్విచ్చు మర్చిపోయాడనీ రాశాను, అది నిజమే కనుక. మనిషి మర్చిపోతాడనే రెండో మనిషి సంతకం ఉండాలన్న నియమం పెట్టామనీ, ఆ రెండో మనిషిని నేనేననీ రాశాను.

కార్యదర్శి చదివారు. తర్వాత తలుపు దగ్గరికి వేసి వచ్చి, "దీన్ని వెనక్కి తీసుకోండి సార్. ఈ కాగితం మీద తేదీ కూడా ఇంకా పడలేదు" అన్నారు.

తేదీ నేనే వేశాను.

సెప్టెంబరు పదహారున కమిటీ కూర్చుంటుంది. కుర్చీ ఉంటుందో లేదో అప్పుడు తెలుస్తుంది. అసలు ఉద్యోగమే ఉంటుందో లేదో కూడా. ఫ్యూజు మీద మాత్రం ఇక చర్య ఉండదని కమిటీ అధ్యక్షురాలు కబురు పంపారు.

నిన్న అతనికి నివేదిక కాపీ ఇచ్చాను. అతని భార్య చదివింది. ఈసారి బయటికి వెళ్ళలేదు.

మీ బావ


ఇల్లు, వరండా
సెప్టెంబరు 2

బావా,

నీకు నా మీద కోపం రాకపోతే ఒక మాట. ఆ లైబ్రరీ సంగతి మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే, నేను తిట్టేవాణ్ణి కాదు. నేను మాత్రం ఏం చేశాననుకున్నావు? చెల్లి పాత ఉత్తరాల పెట్టె మంచం కింద నుంచి తీసి అటక మీద పెట్టించాను. మీ అక్కయ్య, "నిచ్చెన ఎక్కలేని మనిషి ఎక్కలేనంత ఎత్తున పెట్టించుకున్నారే" అంది. తెలిసే అంది.

కమిటీ ఏమన్నా సరే, సంచి తెరిచి చూపించావు. నాకది చాలు.

టోకెను గురించి ఇంకొక మాట, మీ కాలేజీకి పనికొస్తే వాడుకో. సంతకం ఎన్ని కాగితాల మీదైనా పెట్టొచ్చు, ఎక్కడ కూర్చునైనా పెట్టొచ్చు. టోకెను అలా కాదు. నా చేతిలో ఉందంటే ఇంకెవరి చేతిలోనూ ఉండదు. నేను దిగి అప్పగిస్తే తప్ప ఆ లైను మీదికి ఇంకొకడు రాలేడు. మమ్మల్ని ఇన్నేళ్ళు బతికించింది ఇనుము బావా, సిరా కాదు.

పదహారున రోజంతా వరండాలోనే ఉంటాను. ఉత్తరం ఆ రోజే రాదని తెలుసు. అయినా ఉంటాను.

నీ బావ


కాలేజీ, ల్యాబ్ పక్క గది
అక్టోబరు 5

బావగారికి,

కమిటీ అధ్యక్షురాలు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. పిల్లవాణ్ణి నిలబెట్టి అడిగినట్టే అడిగారు.

"పది నలభైకి ఎక్కడున్నారు?"

"నా కుర్చీలో."

"ఎందుకు దిగలేదు?"

"లైబ్రరీ ముందు నుంచి నడవలేక."

కార్యదర్శి ఫ్యాను వంక చూశారు. ఆవిడ కళ్ళజోడు తీసి, "ఇది కారణంగా చెబుతున్నారా, సాకుగానా?" అన్నారు.

"కారణమే. సాకుగా చెల్లదని తెలుసు."

"సరే. ఇకముందు ఏం చేస్తారు?"

అప్పుడు మీ ఇనుము గురించి చెప్పాను. సంతకంతో పాటు తాళం ఉండాలన్నాను. బోర్డు మీద పనిచేసే ప్రతి మనిషికీ సొంత తాళం, ఒక్కో తాళానికి ఒకే ఒక్క చెవి. రెండు స్విచ్చులూ దించాక వాటికి ఒక ఇనుప పట్టీ తగిలించి, పనిచేసేవాడు తన తాళం, పరీక్షించినవాడు తన తాళం వెయ్యాలి. చెవులు ఎవరి జేబులో వాళ్ళవి. ఇద్దరూ వచ్చి తీస్తే తప్ప స్విచ్చు లేవదు. ఫారాల పుస్తకం ఇక ఎవరి గదికీ వెళ్ళదు. దాన్ని బోర్డు పక్కన మేకుకి గొలుసుతో కట్టేస్తాం. సంతకం పెట్టాలంటే అక్కడికి నడవాలి.

"ప్రిన్సిపాల్ కూడానా?" అన్నారు కార్యదర్శి.

"ముందు ప్రిన్సిపాలే" అన్నారు ఆవిడ.

తీర్పు ఇది. నా సర్వీసు రికార్డులో మందలింపు రాశారు. సెప్టెంబరులో ఖాయం చెయ్యలేదు. ఇన్‌ఛార్జిగానే ఉంచారు. తాళాల పద్ధతి అన్ని ల్యాబ్‌లలోనూ, వర్క్‌షాపులోనూ నడిపి చూపించమన్నారు. మార్చిలో మళ్ళీ చూస్తారట. నాకు న్యాయంగానే అనిపించింది.

ఆ మధ్యాహ్నం వసారాలో నడిచాను. లైబ్రరీ దాకా బాగానే వచ్చాను. గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాను. కొత్తమ్మాయి లేచి, "సార్, మేడమ్ సొరుగు తాళంచెవి మా దగ్గర లేదు. పగలగొడతామన్నారు. నేను ఒప్పుకోలేదు" అంది. ఏమీ అడగకుండానే చెప్పింది. ఎన్నాళ్ళనుంచో చెప్పాలని చూస్తోందనుకుంటాను. తల ఊపి ల్యాబ్‌కి వెళ్ళిపోయాను.

ఆ తాళంచెవి నా గుత్తిలోనే ఉంది. ఏడాదిగా, అది దేనిదో తెలియనట్టు తిప్పుతున్నాను.

ఇప్పుడు ల్యాబ్ పక్క చిన్న గదిలో రోజూ రెండు గంటలు కూర్చుంటున్నాను. ఈ ఉత్తరం అక్కడ నుంచే.

మీ బావ


ఇల్లు, వరండా
అక్టోబరు 14

బావా,

మందలింపు! యాభై ఏడేళ్ళ వయసులో! మీ అక్కయ్య నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, "ఆవిడెవరో గానీ మన వీధి బడికి ఉంటే బాగుండేది" అంది. రికార్డులో అలాంటి గీత నాదీ ఒకటుంది. ఇక మనం నిజంగా చుట్టాలం.

ఫ్యూజు ఎప్పుడొస్తాడు? వాడికి నా తరఫున ఒక జవాబు చెప్పు. హారను లేకపోతే డ్రైవరు అరవడు, బండి ఆపేస్తాడు.

సొరుగు గురించి తొందర పెట్టను.

నీ బావ


కార్డు
నవంబరు 18

బావగారికి,

ఒక మాట ముందుగా చెప్పాలి. మూడు రోజుల తర్వాత ఒక కవరు పోస్టు చేస్తాను. దాని మీద అడ్రసు మీ చెల్లెలి చేతిరాతలో ఉంటుంది. కంగారు పడకండి. లోపల రాసింది నేనే. అక్కయ్య పక్కనుండగా కూర్చుని తెరవండి. చెప్పకుండా పంపడం పద్ధతి కాదు.

మీ బావ


కాలేజీ, లైబ్రరీ
నవంబరు 21

బావగారికి,

కూర్చున్నారనుకుంటాను.

సోమవారం ఫ్యూజు ఉద్యోగంలోకి వచ్చాడు. ఆగిపోయిన అదే పని, అదే బోర్డు. తనే పూర్తి చేస్తానన్నాడు. ఎడమచేత్తో చేస్తాడు, కుడిచెయ్యి ఇంకా పూర్తిగా ముడుచుకోదు. స్టోర్సువాళ్ళు పన్నెండు తాళాలు పంపారు. సిబ్బందికి పంచితే సరిగ్గా అయిపోయాయి. నాకు లేదు. ఫ్యూజు తన తాళం వేలికి తగిలించుకుని తిప్పుతూ, "సార్, మీ తాళం లేకుండా నేను చెయ్యి పెట్టను. రూలు మీదే" అన్నాడు. పిల్లలు ముప్ఫైమంది చుట్టూ నిలబడి ఉన్నారు.

వసారాలోకి నడిచాను. లైబ్రరీలోకి వెళ్ళి, ఆ బల్ల ముందు కూర్చుని, సొరుగు తాళం తీశాను. చిన్న ఇత్తడి తాళంకప్ప, గట్టిదే. సొరుగు ముయ్యబోతే లోపల కవర్లు కనిపించాయి. ఎనిమిది. అన్నింటి మీదా మీ అడ్రసు రాసి ఉంది. తీరిక దొరికినప్పుడు ఒక కట్ట రాసిపెట్టుకునేదేమో. ఇంకా ఉన్నవి ఒక రబ్బరుస్టాంపు, కళ్ళజోడు పెట్టె, పుస్తకాలు తిరిగివ్వనివాళ్ళ జాబితా. జాబితాలో మొదటి పేరు నాదే. పదకొండేళ్ళ నుంచి.

కాసేపు కూర్చున్నాను. కొత్తమ్మాయి ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్ళింది.

తిరిగి వచ్చి రెండు స్విచ్చులూ చూశాను. ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని మూడుసార్లు పరీక్షించాను. వెనకబెంచీ నుంచి ఎవరో, "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టారు. ఇత్తడి తాళం వేశాను. పక్కన ఫ్యూజు తనది వేశాడు. గొలుసుకున్న పుస్తకంలో సంతకం పెట్టాను. సమయం పదకొండు ఐదు. పదకొండు ఐదుకి నేను అక్కడే ఉన్నాను.

ఫ్యూజు ఒకసారి నా వంక చూసి, చెయ్యి పెట్టాడు. పని ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

నిన్నటికి మీ చెల్లెలు పోయి ఏడాది. పొద్దున వసారాలో వెళుతుంటే లోపల కొత్తమ్మాయి ఎవరికో పుస్తకం ఇస్తోంది. నేను ఆగి, గుమ్మం మీద వేలితో రెండుసార్లు కొట్టాను. ఆ పిల్ల తలెత్తి చూసి, ఏమనుకుందో, నవ్వింది.

మీ హారను జవాబు ఫ్యూజుకి చెప్పాను. ఒప్పుకోలేదు. మిమ్మల్నే రమ్మంటున్నాడు.

మీ బావ


ఇల్లు, వరండా
నవంబరు 30

బావా,

కార్డు ముందుగా వచ్చింది, పళ్ళ డాక్టరు ఇంటి మీదుగానే. ఆ రోజు నుంచి కవరు కోసం వరండాలోనే ఉన్నాను. అది మాత్రం తిన్నగా మా గేటుకే వచ్చింది. పోస్టుమాన్ దూరం నుంచే చెయ్యి ఊపుతూ, "అమ్మగారు మళ్ళీ రాశారండీ!" అని అరిచాడు. ఈసారి వినబడనట్టు ఊరుకోలేదు. గేటు దాకా వెళ్ళి, మా చెల్లెలు పోయి ఏడాదైందనీ, ఇది మా బావ పంపిందనీ చెప్పాను. టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. మంచివాడు.

మీ అక్కయ్య వచ్చి కూర్చునేదాకా తెరవలేదు. నువ్వు చెప్పినట్టే. కవరు మీద నా ఇంటిపేరు కింద ఎప్పటిలాగే గీత గీసింది, చూశావా? చిన్నప్పుడు పలక మీద కూడా అలాగే గీసేది. ముందు చెప్పకపోతే ఏమయ్యేవాణ్ణో తెలియదు. చెప్పావు కాబట్టి బాగానే చూసుకున్నాను. చాలాసేపు.

నిన్న పక్కింటి అబ్బాయిని పిలిచి అటక మీంచి పెట్టె దింపించాను.

మార్చిలో మేమిద్దరం వస్తున్నాం. కుర్చీ ఖాయమైనా, కాకపోయినా. ఆ ఫ్యూజు సంగతి నేను తేలుస్తాను. నాకూ ఒక తాళం తీసి ఉంచు. మీ అక్కయ్య నీ గిన్నెలు చూస్తానంటోంది, కాస్త తోమి పెట్టుకో.

మిగిలిన ఏడు కవర్లూ జాగ్రత్త. ఎడాపెడా వాడెయ్యకు. మామూలు ఉత్తరాలు నీ కోడిగీతలతోనే పంపు, లేకపోతే పళ్ళ డాక్టరు బెంగపెట్టుకుంటాడు. చెల్లి రాసినవి ఏడాదికొకటి చొప్పున, నవంబరులో. అంటే ఏడేళ్ళు పంపడానికి నువ్వుండాలి, అందుకోవడానికి నేనుండాలి.

నేనుంటాను. నువ్వు కూడా మాటివ్వు.

నీ బావ